మీ ఆట నేనాడాను

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే క్లినిక్ నుంచి కౌన్సెలర్ అమ్మాయి ఫోన్ చేసింది. "నమస్తే ఆంటీజీ, అంకుల్ ఎలా ఉన్నారు? గేమ్‌లో ఇప్పటికీ ఆయనదే బెస్ట్ స్కోర్. ఒకసారి వచ్చి కొత్త పేషెంట్లతో మాట్లాడతారా?" అని అడిగింది.

గుర్తుందా ఆ ఆట? మందు మానిపించడానికి క్లినిక్ వాళ్లు మీ ఫోన్‌లో వేసిచ్చారు. తెర మీద సీసా కనిపిస్తే వేలితో దూరంగా నెట్టాలి, పళ్లరసం కనిపిస్తే దగ్గరికి లాక్కోవాలి. రోజూ పావుగంట ఆడితే సీసాను వద్దనడం చేతికే అలవాటవుతుందన్నారు. మీరేమో, "ఇరవై ఏళ్లు రైఫిల్ పట్టినవాణ్ణి, నాకీ పిల్లలాటేంటే? నువ్వే కానిచ్చెయ్," అని ఫోన్ నా ఒళ్లో పడేసి గ్లాసు అందుకున్నారు. మన అమ్మాయి స్కూలు ప్రాజెక్టులు చేసిపెట్టినట్టే మీ ఆటా ఆడిపెట్టాను. మూడు నెలలు, రోజూ కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ. డాక్టరు ఆ స్కోరు చూసి మిమ్మల్ని మెచ్చుకుంటే సిగ్గులేకుండా నేనూ మురిసిపోయాను.

మీరు లేరని ఆ అమ్మాయికి చెప్పాను. ఆడింది నేనేనని కూడా చెప్పాను. పాపం, సారీ చెప్పి ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం మీ ఆర్మీ యూనిట్ స్నేహితుడు వచ్చాడు. "వాడికిష్టం కదా భాభీ," అంటూ మీ ఫొటో ముందు రమ్ము సీసా పెట్టబోయాడు. నేను ఆలోచించేలోపే నా చెయ్యి దాన్ని అవతలికి నెట్టేసింది.

ఆ ఆట పనిచేస్తుందండీ. తాగేవాళ్లు ఆడాలి, అంతే.