నర్సమ్మ వంతు

తమ్ముడికి అక్క ఆశీస్సులు. నేనూ, నీ కూతురూ కులాసా.

అమ్మాయి డ్రైవింగు పరీక్ష తప్పింది. ఈ మాయదారి రోగం వచ్చాక మా ఆఫీసులో రోజుకు నలభై పరీక్షలకు బదులు పదే పెడుతున్నారు. నిజంగా అవసరమున్నవాళ్ళే బాగా నేర్చుకుని వస్తున్నారు కాబట్టి పదిమందిలో ఏడుగురు నెగ్గుతున్నారు. మునుపు సగం మంది కూడా నెగ్గేవారు కాదు. నీ మాట కాదనలేక, ఒక నర్సమ్మ పేరు వెనక్కి జరిపి అమ్మాయి పేరు ముందు రాశాను. బస్సులు లేక ఆవిడ ఆసుపత్రికి గంటన్నర నడిచి వెళుతోంది. దేవుడి ముందు నిలబడితే ఆవిడ అరిగిన చెప్పులే కళ్ళలో మెదిలాయి.

నిన్న ఆవిడకు నిజం చెప్పేశాను.

"మీ మేనకోడలు పాసయిందామ్మా?" అంది.

లేదన్నాను.

"అయ్యో! పాసైనా బాగుండేది, ఒక్కరికైనా పనికొచ్చేది."

తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఆఫీసరుగారికీ చెప్పాను. సోమవారం ఆవిడకు పరీక్ష. అమ్మాయి తన వంతు వచ్చేదాకా ఆగుతుంది, నన్నిక అడగకు. నాన్న బీపీ మాత్రలు అయిపోయాయా? మరదలికి దీవెనలు. ఇది కవరులో దాచే మాట కాదని కార్డు మీదే రాశాను. నాన్నకు పైకి చదివి వినిపించు.

అక్క