వేపాకు రాసుకున్న వారం

నవంబర్ 4, సోమవారం
వచ్చే సోమవారం రైల్వే ట్రైనింగ్‌లో జాయిన్ కావాలి. రెండు నెలలు హాస్టల్లోనే ఉండాలి. పిల్లల్ని రానివ్వరు. షారోనుకు పద్నాలుగు నెలలు. సీసా పెడితే ఉమ్మేస్తుంది, గ్లాసు తెస్తే తోసేస్తుంది. ఏడు రోజుల్లో నా పాలు మాన్పించాలి. ఇన్ని ఎగ్జామ్స్ రాశాను, ఇంత భయం ఎప్పుడూ లేదు.

నవంబర్ 5
అత్తమ్మ వేపాకు నూరి ఇచ్చింది. సునీల్‌కు గూడ గిట్లనే మాన్పించిన, మూడొద్దులు ఏడుస్తది, తర్వాత మరుస్తది, ఫికర్ చెయ్యకు బిడ్డా అంది. రొమ్ముకు రాసుకున్నాను. షారోను పరుగెత్తుకొచ్చి నోరు పెట్టింది. ఒళ్లంతా జలదరించింది పిల్లకు. నాలుక బయటపెట్టి నా ముఖం చూసింది. మళ్లీ నోరు పెట్టింది. మళ్లీ చేదే. అప్పుడు ఏడ్చింది. నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

నవంబర్ 6, మధ్యాహ్నం
ఏడుపు. ఏమీ తినలేదు.

సాయంత్రం
అత్తమ్మ జొన్నరొట్టెను బర్రెపాలలో నానబెట్టి, చక్కెర వేసి పెట్టింది. ఆరు ముద్దలు తిన్నది. నాకు జ్వరం. రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. పాలు పిండి సింకులో పోశాను. సునీల్ చూశాడు. నీతోని కాకుంటే నౌకరీ ఇడిచిపెట్టు అన్నాడు. ఒళ్లు మండింది. పొద్దంతా ఆటో నడిపి ఆయన నడుం పట్టుకుని కూలబడటం చూసే కదా ఈ పరీక్ష రాసింది!

నవంబర్ 8
అడగడం మానేసింది. అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది. కానీ షారోను నా ఒళ్లోకే రావడం లేదు. చేతులు చాపితే అత్తమ్మ కొంగు వెనక దాక్కుంటోంది. ఇలా అవుతుందని నాకెవరూ చెప్పలేదు. పాలు చేదనుకోలేదు పిల్ల. నేనే చేదనుకుంది.

నవంబర్ 9
సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నాను. అయినా రాలేదు. అత్తమ్మ మీద కుళ్లు పుడుతోంది. నా కోసం ఇంత చాకిరీ చేస్తున్న మనిషి మీద. ఛీ.

నవంబర్ 10, ఆదివారం
చర్చి నుంచి వస్తూ అత్తమ్మ, పిల్ల మంచిగ మరిచింది, ఇగ నిమ్మళంగ పో అంది. పాల సంగతే అన్నది. రెండు నెలల్లో నన్నూ మరిచిపోతే?

నవంబర్ 11, ఉదయం 5.20
బ్యాగ్ సర్దేశాను. అత్తమ్మ నీళ్లు పట్టడానికి బయటికి పోయింది. షారోను ఒక్కతే పడుకుని ఉంది. పక్కన ఒరిగాను. నిద్రలోనే వెతుక్కుంది. ఇచ్చాను. కళ్లు తెరిచి, నన్ను చూసి, నా వేలు పట్టుకుని తాగింది. పది నిమిషాలు. బిందె దించిన చప్పుడు వినగానే జాకెట్ సర్దుకుని లేచాను.

నవంబర్ 12, హాస్టల్
అత్తమ్మ ఫోన్ చేసింది. మంచిగుండె, నిన్నటి సంది మల్ల ఒక్కతీరుగ ఏడుస్తాంది, ముద్ద ముడ్తలేదు, ఏమైందో సమజైతలేదు బిడ్డా, దవాఖానకు తోల్కపోనా అని అడిగింది.

తీసుకెళ్లమన్నాను.