ఈసారి కోపం కాదు, దవడ

అబ్బాయికి,

కాచిన పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. పెరటి తలుపు గడియ వేసి, నాలుగింటికల్లా పళ్ళ డాక్టరు దగ్గరికి రా. బస్సు కుదుపులకు ఓర్చుకోలేక నేను ముందే నడిచి వెళ్తున్నాను.

నిన్న పొద్దున నా దవడ పట్టేసింది. చెంచా దూరక, పాలు స్ట్రాతో పీలుస్తుంటే చూసి కూడా నువ్వు ఏమిటని అడగలేదు. మీ అమ్మ పోయి మూడేళ్ళు. అప్పటినుంచి నీతో మాట్లాడటం లేదు కాబట్టి, నీకు తేడా తెలిసుండదు.

వడ్రంగం చేస్తూ నలభై ఏళ్ళు మేకులు పళ్ళతో పట్టుకున్నానని నిన్న డాక్టరుకు సైగలతో చెప్పాను. ఆయన నవ్వాడు. "మేకులు కాదు పెద్దాయనా, నిద్రలో పళ్ళు బిగిస్తున్నారు. ఎవరిమీదండీ అంత కసి?" అన్నాడు.

ఈరోజు సూది వేసి దవడ సరిచేస్తాడట. తోడు మనిషి లేనిదే చెయ్యి వెయ్యనన్నాడు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఆయన ఏమడిగినా నా బదులు నువ్వే చెప్పాలి. కసి సంగతి మళ్ళీ అడిగితే దాచకు. ఆస్పత్రిలో అమ్మ చివరి రోజంతా నీకోసం అడుగుతుంటే నువ్వు ఫోను తీయలేదని చెప్పు. నేనది క్షమించలేదు.

నాన్న

అమ్మ నాకు కాపడం పెట్టే గుడ్డ తలుపు వెనక మేకుకు ఉంది, తీసుకురా. నోరు తెరుచుకునేసరికి ఎదురుగా నువ్వే ఉంటావు. మొదట తిట్టే వస్తుంది. అయినా రా.