పరవాడకి కార్జం పార్సిల్

సుందర్ రాజ్ మామయ్యకి వందనాలు.
మా పరవాడ ల్యాబ్‌లో కొత్త సూదికి పరీక్ష ఉంది. గుచ్చి, వేడిచేసి చూడాలి. మీ వన్ టౌన్ మటన్ కొట్టు నుంచి తాజా మేక కార్జం పంపండి. పెద్ద డాక్టర్లు వస్తున్నారు. లోపల ఫోన్లు వాడనివ్వరు, అందుకే వ్యాను డ్రైవరుతో ఈ ఉత్తరం.
మీ మేనకోడలు రోజలిన్

చిరంజీవి రోజలిన్‌ని దీవించి మామయ్య రాయునది.
డాక్టర్లు వస్తుంటే పచ్చి కార్జం పంపుతామా? మీ అత్త ఆరోగ్యమ్మ ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి దట్టించింది. "సూదికి గుచ్చి కాలిత్తే మెత్తగుంటాది, నానెరగనా!" అంటోంది.
మామయ్య
తా.క.: నిమ్మకాయలు డబ్బా అడుగున ఉన్నాయి.

మామయ్యా, కొంప ముంచారు!
ఉప్పుకి వేడి దారితప్పి కార్జమంతా ఉడికిపోయింది. ఇది వంట కాదు. మనిషి కార్జంలో, అదే కాలేయంలో, క్యాన్సర్ గడ్డ ఉంటే, కోత లేకుండా ఈ సూది గుచ్చి, కొన వేడితో గడ్డని మాత్రమే చంపాలి. మళ్లీ పరీక్ష ఉంది, అదే ఆఖరిది. ఉత్త కార్జం పంపండి.
రోజలిన్
తా.క.: వాసనకి మా సెక్యూరిటీ వీరేంద్ర ప్లేటు పట్టుకుని వచ్చాడు.

చిరంజీవి రోజలిన్‌కి,
ఉత్తదే పంపాను, కడగను కూడా లేదు. మీ అత్తవి ఒకటే ప్రశ్నలు. "పక్కనున్న మంచి ముక్క మాడిపోదా? లోన కాల్తంటే నొప్పి తెలుత్తాదేటి? రాసి అడుగు" అంటోంది.
మామయ్య
తా.క.: తొందరగా రాయి. పొయ్యి మీద కూర మాడుతున్నా మీ అత్త చూసుకోవడం లేదు.

మామయ్యకి,
మంచి ముక్క మాడదు. మత్తిస్తారు, నొప్పి తెలియదు. అయినా చచ్చిన మేకకి నొప్పేమిటని అడగండి అత్తని!
రోజలిన్
తా.క.: ఈ పద్ధతిలో వేపుడు మాత్రం కుదరదని చెప్పండి.

మామయ్యా, గెలిచాం!
ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఆఖరి పరీక్ష దాటింది, అనుమతి వచ్చింది. ఆసుపత్రిలో మొదటి మనిషికి మా సూది వాడారు. పేరు మాకు చెప్పరు. నిన్న స్కాను వచ్చింది. గడ్డ చచ్చింది!
రోజలిన్
తా.క.: ఆ పేషెంటు మెలకువ రాగానే "టీ సల్లారిపోనాదేటి!" అని తిట్టిందట. ల్యాబంతా పడీపడీ నవ్వాం.

తల్లీ రోజలిన్,
ఆ తిట్లు తిన్నది నేనే. గది బయట కప్పు పట్టుకుని అలా కూర్చుండిపోయాను, టీ చల్లారిపోయింది.
గడ్డ సంగతి నీ రెండో ఉత్తరం వచ్చిన వారమే తెలిసింది. గుండె బలహీనం, కోత కుదరదన్నారు. "పిల్లకి సెప్పకు. నాకని తెలిత్తే దాని సెయ్యి వణుకుతాది" అని మీ అత్త నాచేత ఒట్టేయించుకుంది. నువ్వు మేక మీద వేళాకోళమాడితే చదివి నవ్వి, మర్నాడే ఆసుపత్రికి వెళ్లి మీ సూదికి పేరిచ్చింది.
మామయ్య
తా.క.: ఇప్పుడు కొట్లో కూర్చుని, వచ్చిన ఆడవాళ్లందరికీ చీర కాస్త పక్కకి జరిపి సూది మచ్చ చూపిస్తోంది. "మా రోజలిన్ సూది!" అంటోంది. నా మటన్ వైపు చూసేవాళ్లే లేరు.