అమ్మ చేత సునాముఖి మాన్పించినదానికి

రాజమ్మా,

బాగున్నావా అని అడగొచ్చో లేదో... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా పెట్టేశాను.

ఈలోగా చాలా జరిగాయి. మద్రాసులో ట్రాములు ఆపేశారు. పురసవాక్కంలో కొత్త బట్టల అంగళ్ళు వచ్చాయి, కుట్టుపనికి లోటు లేదు. కానీ నీకు చెప్పాలనుకున్నది అది కాదు. అమ్మ సంగతి. అమ్మ కడుపు సంగతి ఇంకెవరితో చెప్పను చెప్పు?

నువ్వు మన ఇంటికి వచ్చేనాటికే ఆమెకు రోజూ సునాముఖి కషాయం అలవాటు. మొదట్లో చిటికెడు ఆకుతో కడుపు కదిలేదట. పోనుపోను గుప్పెడు వేసినా చాలలేదు. తాగకపోతే మలబద్ధకం, తాగితే మెలిపెట్టే నొప్పి. ఆకేగా, ఏం చేస్తుందిలే అనుకున్నాం అందరం. నువ్వొక్కదానివే అలా అనుకోలేదు. మేనకోడలివి కాబట్టి చనువుగా అనేశావు. “అత్తా, ఎద్దును రోజూ కొట్టి తోల్తే కొట్టందే కదల్దు. నీ పేగు అట్నే అయిపోయినాది. అది మర్చిపోయిన నడక మళ్ళా నేర్పాల.”

ఎన్ని తిట్టింది నిన్ను! నువ్వు నవ్వేసి తోటకూర తరుక్కునేదానివి.

ఆకు ఒక్కసారిగా మాన్పించలేదు నువ్వు. కషాయంలో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చావు. మరోపక్క రాగిసంకటి, ఆకుకూరలు, చిక్కుళ్ళు, జామపళ్ళు పెంచావు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు. నేను కుట్టిన రవికెలు ఇవ్వడానికి సౌకార్‌పేట వెళ్ళి, అక్కడి సేఠు ఇంటామె దగ్గర ఇసబ్‌గోల్ పొట్టు గురించి, అది నీళ్ళలో ఉబ్బి కడుపును మెత్తగా కదిలిస్తుందని తెలుసుకొచ్చావు. అత్తకు ఏది పెడితే అదే నువ్వూ తిన్నావు. అంత ఓపిక నీకు ఎక్కడిది?

పొద్దస్తమానం కుట్టు మిషను ముందు కూర్చునే నాకూ అదే బాధ ఉందని, నేను చెప్పకుండానే ఎలా కనిపెట్టావో... “మావా, కాజాలు యాడికీ పారిపోవు. లేచి మార్కెట్టు దాకా నడిచి రాపో” అని తరిమేదానివి.

నెలల తరబడి పట్టింది. చివరికి అమ్మ సునాముఖి మానేసింది. నువ్వు ఎవరి దగ్గరా గొప్ప చెప్పుకోలేదు.

ఆ తర్వాత నీకు ఆ జ్వరం వచ్చింది... అది రాయను.

నువ్వు పోయాక వంట నా చేతికి వచ్చింది. తెల్లన్నం, చారు, అప్పడం. నాకు వచ్చింది అంతే. అమ్మ ఏమీ అనేది కాదు, పెట్టింది తిని లేచేది. కడుపు మళ్ళీ బిగిసిపోతోందని కొడుకుతో ఎలా చెప్పుకుంటుంది? వీధి చివర నాటుమందుల అంగట్లో ఆకు తెచ్చుకుని, నేను ఇంట్లో లేనప్పుడు కాచుకోవడం మొదలుపెట్టింది.

మొన్న ఎండాకాలంలో, ఒక పొద్దున, కుళాయి దగ్గర పడిపోయింది. నాలుక ఎండిపోయింది. పిక్కలు పట్టేసి కాళ్ళు కదపలేకపోయింది. రిక్షాలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను గది బయటికి వెళ్ళాకే నోరు విప్పిందట. విరేచనాలు ఎక్కువై ఒంట్లోని నీరు, ఉప్పు పోయాయని, ఇలాగే సాగితే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పారు. ఆకు మాన్పించమన్నారు.

ఇంటికొచ్చాక అసలు గొడవ. “ఆకు లేకుంటే ఎట్టరా? కడుపు ఉబ్బి చస్తాను” అని అమ్మ ఏడ్చింది. మన వాకిట్లో కాపురాలవాళ్ళు తలా ఒకటి చెప్పారు. ఒకరు కరక్కాయ పొడి అన్నారు. ఒకరు ఆముదం. ఇంకొకరు ఏదో లేహ్యం. అన్నీ చెట్లవే, ఏం భయం లేదన్నారు.

నాటుమందుల అంగడి ముందు నిలబడిపోయాను రాజమ్మా. ఏది కొనను? అప్పుడు నువ్వు ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. “చెట్టుదైతే మాత్రం? మందు మందే మావా. నిజంగా అడ్డం పడిన రోజుకి అది. రోజూ తినేదానికి కూడు ఉండాది గదా!”

ఏమీ కొనకుండా పక్క అంగట్లో తోటకూర, అరటి దూట కొనుక్కుని వచ్చాను. ఇలా చేస్తానని డాక్టరమ్మతో చెబితే సరేనన్నారు, నీళ్ళు మాత్రం బాగా తాగించమన్నారు.

దూట తరగడం నీకు ఎంత సులువుగా ఉండేది! చక్రం కోయగానే పీచు సాగుతుంది. దాన్ని వేలికి చుట్టి లాగేదానివి. నేనూ చుట్టాను. దారంతో బతికేవాణ్ణి కదా, అదొక్కటే నాకు చప్పున వచ్చింది. ఇసబ్‌గోల్ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. నీళ్ళలో కలిపి, తువ్వాలు వెతుక్కుని వచ్చేసరికి గ్లాసులో గంజిముద్దలా బిగిసింది. “ఇది తాగాలనా, బట్టలకు పెట్టాలనా?” అంది అమ్మ. పడిపోయాక ఆమె పరిహాసమాడటం అదే మొదలు.

తొందరపడి అన్నీ ఒకేసారి పెంచేశాను. కడుపు ఉబ్బింది, గ్యాసు పట్టింది. నువ్వు ఎందుకు కొంచెం కొంచెంగా చేశావో అప్పుడు అర్థమైంది. తగ్గించి, మెల్లగా మొదలుపెట్టాను.

కొన్ని రోజులు కడుపు కదల్లేదు. అమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది. “ఒక్కసారి, ఒక్క చిటికెడు...” ఇచ్చేద్దామనిపించింది. నువ్వుంటే ఏం చేసేదానివి? పక్కన కూర్చునేదానివి, అంతేగా? నేనూ కూర్చున్నాను. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన కథలు చెప్పించాను. వాకిట్లో ఇటూ అటూ నడిపించాను.

ఒక పొద్దున దొడ్డివైపు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నా మిషను పక్కన నిలబడింది. ఏమైందని అడగడానికి నాకు సిగ్గు, చెప్పడానికి ఆమెకు సిగ్గు. కాసేపాగి, “కాఫీ కలపరా” అంది. ఆ గొంతు విని తెలిసిపోయింది. లేచి కాఫీ కలిపాను.

గ్లాసు అందుకుని మెల్లగా అంది: “నా కడుపున పుట్టినోడివి నువ్వు. నా కడుపు తెలిసింది మాత్రం దానికేరా.”

నాకూ ఒక గ్లాసు కలుపుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు బాగా తిరుగుతోంది. నిన్న పక్కింటావిడ, కడుపుతో ఉన్న తన కూతురిని తీసుకొచ్చింది. ఆ పిల్లకూ ఇదే బాధట. చేతిలో ఆముదం సీసా. అమ్మ ఆ సీసా తీసి గూట్లో పెట్టేసి, గట్టిగా అంది. “గర్భంతో ఉండే పిల్లకు ఇట్టాంటివి తాపేస్తారా? ముందు డాక్టరమ్మకు చూపించు. కూడు సంగతి నేను చెప్తా. మా కోడలి పద్ధతి ఇది, మా ఇంట్లో ఇదే.”

విన్నావా? మా కోడలి పద్ధతి అంది. అందరి ముందు.

ఏ ఇంట్లోనైనా పోయినవాళ్ళ ఫొటోకు దండ వేస్తారు. నీ మాట ఇక్కడ రోజూ పొయ్యి మీద ఉడుకుతోంది. నేనున్నంతవరకూ అది ఆరిపోనివ్వను.

అమ్మ పిలుస్తోంది. మునగాకు దూయాలి. లేస్తాను మరి.

నీ మావ