తులసి నీళ్ళు

అక్కా,

నిన్న నీ సంవత్సరీకం. నీ కొడుకు కిరణ్ అమెరికా సైన్యంలో సెలవు పెట్టి ఉయ్యూరు వచ్చాడు. పంచె నిలవక పైన బెల్టు పెట్టుకున్నాడు. చూస్తే నవ్వేదానివి.

భోజనాలయ్యాక నెమ్మదిగా చెప్పాడు. "పిన్నీ, వీసా అయిపోయినా సరే, సైనికుల అమ్మల్ని ఇప్పుడు అక్కడే ఉండనిస్తున్నారు. అప్లై చేస్తే ఒక్కొక్కరి కేసూ చూస్తారు. కానీ ఆ దేశం దాటి బయటికెళ్ళి ఉండకూడదు."

నువ్వు దాటావు. వీసా గడువు తీరాక ఏళ్ళ తరబడి అక్కడే దాక్కుని బతికినదానివి, బయటికెళితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరని తెలిసీ విమానం ఎక్కావు. అమ్మ ఇక దక్కదని డాక్టరుగారు చెప్పారు మరి. "పెద్దకూతుర్ని, అమ్మ నోట్లో తులసి నీళ్ళు నేనే పొయ్యాలే" అన్నావు ఫోన్లో.

నువ్వొచ్చిన వారానికి అమ్మ లేచి కూర్చుని పెసరట్టు అడిగింది. అందరం సంతోషించాం. నువ్వూ సంతోషించావు. ఆ తర్వాతే, కిరణ్ ఫోన్ చేసే ఆదివారాలు పొద్దుటి నుంచీ హాల్లోంచి కదిలేదానివి కాదు.

పోయినేడు జ్వరం నిన్ను తీసుకుపోయింది. నీ నోట్లో తులసి నీళ్ళు పోసింది అమ్మ.

నిన్న కిరణ్ మాటలు అమ్మ కూడా వింది. ఇవాళ పొద్దున తులసికి పొయ్యమని చెంబు చేతికిస్తే, కోట దగ్గర అలాగే నిలబడిపోయింది.

"అది రాకపోయినా నేను బతికేదాన్నే కదే" అంది.