పైన సగం ఖాళీ పేజీ

పొలసర,
ఆదివారం.

అక్కకు గౌరి దండాలు.

నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలిద్దరూ ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా, పడవ ఎక్కుతున్నాడా? ఫోనులో అడగొచ్చు కదా అంటావు. షాపులో మా యజమాని బాబు, గదిలో బాబు వాళ్ల అత్త, ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఆవిడ ఒడియా మనిషి, తనకు తెలుగు రాదంటుంది గానీ, నేను ఏడిస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఈ కాగితం.

పైన సగం పేజీ ఖాళీగా ఉందని కంగారుపడకు. షాపు కంప్యూటర్‌లో కొట్టాను, అందుకే అలా వచ్చింది.

తిండికి లోటు లేదు. చేప మాత్రం చెరువుది, మట్టి వాసన. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, గాలన్నదే రాదు. ఉక్కపోతకు ప్రాణం పోతోంది.

మా షాపు తహసీల్ ఆఫీసు ఎదురుగానే. రోజంతా అఫిడవిట్లే. స్టాంపు పేపరు పై సగంలో బొమ్మ ఉంటుంది, మన రాత దాని కిందే మొదలవ్వాలి. రెండోది మామూలు కాగితం, దాని మీద పైనుంచే రావాలి. మొదట్లో ఎంటర్ నొక్కి నొక్కి రాతను కిందికి దింపేదాన్ని. ఒక్క వరుస తేడా వస్తే అక్షరాలు బొమ్మ మీదికెక్కేవి. తిట్లు నాకు.

చేరేటప్పుడు నా మెట్రిక్ సర్టిఫికెట్ బాబు తీసుకుని బీరువాలో పెట్టుకున్నాడు, గుర్తుందా? నేను బయల్దేరేటప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడి అరిచావు, "అసలుది సేతికిచ్చీకే, ఎర్రిమొగమా! జెరాక్సు సాలు!" అని. నేను వినలేదు.

ఇప్పుడు బరంపురం బడా బజార్‌లో పెళ్లికార్డులు వేసే ప్రెస్సు వాళ్లు నన్ను రమ్మంటున్నారు. తెలుగు టైపింగ్ వచ్చిన మనిషి కావాలట. అక్కడైతే వారం వారం ఇంటికొచ్చేయొచ్చు. కానీ అసలు సర్టిఫికెట్ చూపించాలి, ఈ నెలాఖరు దాకానే ఆగుతారు. బాబును అడిగితే, "కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా పని జరిగేలా చేసిపెట్టు, ఇచ్చేస్తాను" అన్నాడు.

నమ్మాను. వారం రోజులు దాని మీదే కూర్చున్నాను. మొదటి పేజీకి పైన సగం వదిలే స్టైలు ఒకటి, తర్వాతి పేజీలకు మామూలుది ఇంకొకటి, దానంతటదే మారేలా. హెడ్డింగు, సంతకం చోటు అన్నీ కుదిర్చాను. కొత్త పేజీ ఎప్పుడు తెరిచినా అదే వచ్చేలా డిఫాల్ట్ టెంప్లేట్ చేసి పెట్టాను. బాబు మురిసిపోయి మిఠాయి తెప్పించాడు. సర్టిఫికెట్ మాట ఎత్తగానే, "పని రెట్టింపైంది, ఇప్పుడెలా పోతావు?" అన్నాడు. నేను చేసిన దాంట్లో నేనే ఇరుక్కున్నానక్కా.

ఒళ్లు మండింది. శుక్రవారం పొద్దున్న ఆ టెంప్లేట్‌లోనే, పేజీ అడుగున ఫుటర్‌లో, ఒడియాలో పెట్టాను: "ముందు గౌరి సర్టిఫికెట్ ఇవ్వండి." బాబు కొత్త పేజీ తెరిచాడు, కనబడింది. మూసి ఇంకోటి తెరిచాడు, మళ్లీ అదే. ఎన్ని మీటలు నొక్కినా పోలేదు. కేకలేస్తాడనుకున్నాను. నవ్వాడు! "ఇంత తెలివైన పిల్లను ఎవరైనా వదులుకుంటారా?" అన్నాడు.

అప్పటికే మనవైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే మామ్మ, పింఛను కాగితం కోసం ఎండలో నిలబడి ఉంది. "ఏటమ్మా, నాది అవ్వదా ఏటి? ఆపీసు మూసీత్తారు. మల్లీ ఇంత దూరం రాలేను తల్లీ" అంది. మన మాట వినేసరికి నా మొండితనమంతా కరిగిపోయింది. బాబు కుర్చీ నా వైపు జరిపాడు. కూర్చుని, ఆ వాక్యాన్ని నా చేత్తోనే తీసేశాను. మామ్మ కాగితం చక్కగా వచ్చింది. "సల్లగుండు" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

మళ్లీ రాలేనన్న మామ్మను ఆఫీసువాళ్లు ఆ కాగితం పనిమీదే రేపు మళ్లీ రమ్మన్నారట, పాపం. ఆమె తిరిగొచ్చేటప్పుడు ఈ ఉత్తరం ఆమె చేతే పంపుతున్నాను. బావకు దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నా పేర గంగమ్మకు ఒక దీపం పెట్టు. నువ్వు వచ్చేటప్పుడు కాసిని ఎండు నెత్తళ్లు తీసుకురా.

అవునక్కా, నువ్వే రావాలి. పైన ఖాళీ మార్చడం నాకు చేతకాక కాదు, నీకోసమే ఉంచాను. అందులో "మా గౌరి సర్టిఫికెట్ ఇచ్చీ" అని పెద్ద అక్షరాలతో రాసి, ఈ కాగితం పట్టుకుని వచ్చి షాపు గుమ్మంలో నిలబడు. ఆ రోజు అరిచినట్టే కేకలెయ్యి. నేను పెట్టిన మాటను నేనే తీసేశాను. నీ చేతిరాతను తీసేయడం నా వల్ల కాదు.

నీ చెల్లెలు
గౌరి